కొత్తపేట ఎక్స్ఛేంజిలో నేను దాటేసిన పేజీ

మా తమ్ముడి కూతురు కీర్తనకి హైదరాబాదులో కస్టమర్ కేర్ ఉద్యోగం వచ్చింది. చేరిన మూడో నెలలో అమలాపురం వచ్చి, అన్నాల దగ్గర కూర్చుని, ఫోను చేసిన ఒకాయన గొంతు అనుకరిస్తూ, ఆయనకీ భార్యకీ పడే గొడవంతా చెప్పి అందర్నీ నవ్వించింది. ఊరి పేరుతో సహా చెప్పింది. నేనూ నవ్వాను. నవ్వేసిన తర్వాత, ఇలా బయట చెప్పొచ్చటే అని అడిగాను.

"కాల్ రికార్డవుతుందని ముందే చెప్తాం కదత్తా. ఆయన పేరు కూడా చెప్పలేదు. ఏమవుద్ది?" అంది.

ఏమవుతుందో నాకు తెలుసు. ముప్పై ఆరేళ్లు టెలిఫోన్ శాఖలో పనిచేశాను. మొదటి తొమ్మిదేళ్లు కొత్తపేట ఎక్స్ఛేంజిలో ఆపరేటరుని. ప్రమోషన్లు, బదిలీలు, పింఛను కాగితాలు ఇక్కడ రాయను. అవి అందరికీ ఒకేలా ఉంటాయి, చదివినవాళ్లకి ఆవలింతలొస్తాయి. ఫోను పట్టుకుని బతికే పిల్లలకి పనికొచ్చేవి రెండు మూడు సంగతులున్నాయి, అవి రాస్తాను. వాటిలో ఒకటి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

బోర్డు ముందు

ఇప్పటి పిల్లలు చూసి ఉండరు కనుక చెబుతున్నాను. గోడంత చెక్క బోర్డు. ఊళ్లో ఫోనున్న ఒక్కో ఇంటికి అందులో ఒక్కో చిన్న కన్నం, దానిమీద ఒక మూత. వాళ్లు ఫోను చేయబోతే ఇక్కడ మూత టప్పుమని పడుతుంది. తాడు చివరి పిన్ను అందులో గుచ్చి "నంబర్ ప్లీజ్" అనాలి. వాళ్లడిగిన ఇంటి కన్నంలో రెండో తాడు గుచ్చి గంట కొట్టాలి. మన ముందు ఒక కీ ఉంటుంది. అది తెరిస్తే ఇద్దరి మాటలూ మన చెవిలో పడతాయి, మూస్తే పడవు. మాట కలిసిందని రూఢి చేసుకోగానే కీ మూసెయ్యాలి. మా ఉద్యోగం మొత్తం మీద ముఖ్యమైన రూలు అదొక్కటే.

నంబర్ ప్లీజ్ అంటే కొత్తపేటలో ఎవరూ నంబరు చెప్పేవారు కాదు. "అమ్మా కరుణా, డాక్టర్ గారికివ్వమ్మా" అనేవారు. "డాక్టర్ గారు ఇప్పుడే వానపల్లి వెళ్లేరండి, రెండింటికి వచ్చేస్తారండి" అని నేనే చెప్పేదాన్ని. ఎవరింట్లో ఎవరున్నారో, ఎవరు ఏ ఊరు వెళ్లారో నాకు తెలియాల్సిందే. తెలియదంటే వాళ్లు చిన్నబుచ్చుకునేవారు. పెద్దవాళ్లు అడిగితే తెలియదనడం మా వైపు మర్యాద కాదు. మర్యాద మాకు కొంచెం ఎక్కువే, దాంతోనే చెడ్డాం.

తప్పులు చేయలేదా అంటే, బోలెడు. ఒకసారి కడుపునొప్పితో ఉన్నాయన డాక్టర్ గారినిమ్మంటే ప్లీడరు గారికి కలిపాను. ప్లీడరు గారు మర్యాదస్తులు కనుక మధ్యలో ఆపలేదు. నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడికి పాకుతుందో అంతా విని, "ఆయ్, ఎన్నాళ్ల నుంచండీ? కాగితాలేవైనా ఉన్నాయాండి?" అన్నారట. ఇద్దరూ కలిసి మర్నాడు నన్ను చూడటానికి వచ్చారు. ఇలాంటి తప్పులు నవ్వుకుని మర్చిపోవచ్చు.

ఇంకో రోజు జరిగింది మాత్రం నన్ను పాడుచేసింది. వానాకాలం, లైను గొంతు పూడుకుపోయినట్టుంది. మురమళ్ళ ఆయన ఒకరు మా ఊళ్లో బంధువులింట్లో ఉన్నారు. కాకినాడ ఆస్పత్రి నుంచి ఆయన బావమరిది ఫోను. ఇద్దరూ "హలో, హలో" అని అరుచుకుంటున్నారు తప్ప ఒకరి మాట ఒకరికి అందడం లేదు. మధ్యలో ఉన్న నాకు ఇద్దరూ వినబడుతున్నారు. అలాంటప్పుడు మేమే మాట అందించేవాళ్లం. "ఆడపిల్లంటండీ! తల్లీ బిడ్డా ఇద్దరూ క్షేమంగా ఉన్నారంటండీ!" అని చెప్పాను. ఆయన ఫోనులోనే ఏడ్చేసి, "నీ నోట్లో పంచదార పొయ్య తల్లీ" అన్నారు. నాకు ఇరవై రెండేళ్లు. ఊరికి శుభవార్తలు చెప్పేదాన్ని నేనే అనుకున్నాను ఆ రోజు నుంచి.

సూర్యారావు గారు

మా సూపర్వైజరు సూర్యారావు గారు మంచివారు. ఆడపిల్లనని ఎగతాళి చేయలేదు, పేటలోంచి వచ్చిన క్రైస్తవుల పిల్లనని వేరే గ్లాసు పెట్టలేదు. చేరిన రోజునే ఒక మాట చెప్పారు.

"జీతం చెవికమ్మా, నోటిక్కాదు. గుర్తుపెట్టుకో."

బంగారంలాంటి మాట. కానీ రోజూ పొద్దున్న టీ తాగుతూ, "ఏమ్మా, ఊరెలా ఉంది?" అని అడిగేది కూడా ఆయనే. ఊరెలా ఉందంటే ఎవరింట్లో ఏం జరుగుతుందో చెప్పమని. నేను చెప్పేదాన్ని. ఆయన తల ఊపుతూ వినేవారు. తిట్టే పై అధికారి కంటే ఇలాంటి మంచి అధికారి దగ్గర ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తిట్టేవాడి దగ్గర మనం ఒళ్లు దగ్గర పెట్టుకుంటాం. ఈయన దగ్గర రూలు మెత్తబడిపోతుంది.

మా ఇంట్లో నవల

ఉద్యోగంలో చేరే ముందు ఏడాది ఒక నవల చదివాను. మా నాన్నగారు మిషన్ స్కూల్లో మాస్టారు, ఆయన పుస్తకాల్లోది. వేరే దేశపు నవలకి తెలుగు. పేరు రాయను. రాస్తే మీరు ఫోనులో వెతికి కథంతా తెలుసుకుని, నేను చెప్పేది పక్కన పడేస్తారు.

అందులో ఒక నగరం. పోలీసులు కొట్టరు, జైళ్లు కనబడవు. క్షేమ శాఖ అని ఒకటుంటుంది. వీధికొక కిటికీ. వారానికోసారి ప్రతివాళ్లూ ఆ కిటికీ దగ్గరికెళ్లి పక్కింటివాళ్ల గురించి ఒక్క సంగతి చెప్పాలి, వాళ్ల మేలు కోరి. పక్కింటాయన సరిగా తినడం లేదనో, పిల్ల ఒంటరిగా నడుస్తోందనో ఏదో ఒకటి. కిటికీలో మనిషి నవ్వుతూ రాసుకుంటాడు. తర్వాత ఆ పక్కింటాయన కనబడడు. చెప్పులు కుట్టే ఒకతను మాత్రం ప్రతి వారం వెళ్లి, "నాకేమీ తెలియదు" అని వచ్చేస్తుంటాడు. కథంతా అతని గురించే.

ఆ నవలంటే నాకు ప్రాణం. మూడుసార్లు చదివాను. చెప్పులతను చివరిసారి తెలియదని చెప్పే పేజీ పక్కన పెన్సిలుతో "నేనైనా ఇంతే" అని రాసుకున్నాను. రాసిన ఏడాదిన్నరకి జరిగిందీ సంగతి.

శుభవార్త

కొత్తపేటలో సత్తిరాజు గారని కొబ్బరి వ్యాపారి. ఫోను బాగా వాడే ఇల్లు. నన్ను "అమ్మా కరుణా" తప్ప వేరేగా పిలిచేవారు కాదు. ఆయన కూతురు లలిత ఇంటరు పాసై ఇంట్లో ఉంది.

ఒక సోమవారం మధ్యాహ్నం రాజమండ్రి ఆపరేటరు వైజాగ్ నుంచి ట్రంకాల్ ఇచ్చింది. పేరు చెప్పి ఆ మనిషికే ఇమ్మని అడిగిన కాల్. అంటే లలిత గొంతు విన్నాకే నేను కలపాలి. అవతల శాంత అని, లలిత స్నేహితురాలు. వైజాగ్‌లో నర్సు ట్రైనింగులో ఉంది. లలిత వచ్చింది, కలిపాను. కీ మూయాలి. మూయలేదు.

"లల్లీ, నీకు నర్సు ట్రైనింగుకి ఇంటర్వ్యూ వచ్చిందే! గురువారం పొద్దున్న పదింటికి రమ్మన్నారు!" అంటోంది శాంత. ఈ పిల్ల ఇటు "నిజంగానా? నిజంగానా?" అని ఊపిరాడకుండా అడుగుతోంది. ఇంతలో ఇంకో రెండు మూతలు పడ్డాయి. కీ మూసి వాటి పని చూసుకున్నాను. ఆ మధ్యాహ్నమంతా నాకు సంతోషంగానే ఉంది.

సాయంత్రం సత్తిరాజు గారు కొట్టు నుంచి ఫోను చేశారు. "అమ్మా కరుణా, మా ఇంటికి ట్రంకాల్ వచ్చిందంట, పాలేరు చెప్పేడు. ఎవరమ్మా?"

ఇంట్లో అడగండి అంటే సరిపోయేది. నా నోట్లో నువ్వుగింజ నానదు కదా. "మీ అమ్మాయి గారికేనండీ, శుభవార్తండీ! నర్సు ట్రైనింగుకి ఇంటర్వ్యూ అంటండి, గురువారం పదింటికి వైజాగులో!" అన్నాను.

"ఆయ్. సంతోషం అమ్మా" అని పెట్టేశారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, లేకపోతే నా తప్పు ఎలాంటిదో మీకర్థం కాదు. మా పేటలో ఆడపిల్లకి నర్సు ట్రైనింగులో సీటొచ్చిందంటే ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన పెట్టించి, పాస్టరు గారిని పిలిచి, వీధంతటికీ భోజనాలు పెట్టేవారు. మా పెద్దమ్మ కూతుళ్లిద్దరూ నర్సులే. వాళ్ల జీతాలతోనే ఇళ్లు లేచాయి, తమ్ముళ్లు చదివారు. నర్సు అంటే మాకు గౌరవం. తోటలూ చేలూ ఉన్న సత్తిరాజు గారింట్లో అదే మాట తల కొట్టేసినట్టుంటుందని నాకు తట్టనే లేదు. పుట్టి పెరిగింది ఒకే ఊళ్లో. వాళ్ల వీధికీ మా పేటకీ మధ్య ఉన్నది ఒక్క పంట కాలువ.

మంగళవారం పొద్దున్నే సత్తిరాజు గారి పాలేరు ఒక బొండాల గెల తెచ్చి ఎక్స్ఛేంజి మెట్ల మీద పెట్టాడు. "అయ్యగారు మీకిమ్మన్నారండి, మేలు చేసేరంట" అన్నాడు. సూర్యారావు గారూ నేనూ చెరో రెండు తాగాం. చాలా తియ్యగా ఉన్నాయి.

కిటికీ దగ్గర

శుక్రవారం మధ్యాహ్నం ట్రంకాల్ బుక్ చేసుకునే కిటికీ దగ్గరికి లలిత వచ్చింది. జుట్టు రేగిపోయి ఉంది, కళ్లు వాచి ఉన్నాయి. ఆ పిల్లని అంత దగ్గరగా చూడటం అదే మొదలు. గొంతు మాత్రం నాకు రోజూ తెలిసిన గొంతే.

"నన్ను వెళ్లనివ్వలేదండి. మంగళవారం నుంచి మా పెద్దమ్మగారింట్లో కూర్చోబెట్టేరండి. ఇంటర్వ్యూ అయిపోయింది" అంది. తర్వాత నా మొహంలోకి చూస్తూ అడిగింది. "మా నాన్నగారికి ఎవరు చెప్పేరండి?"

వెనక కుర్చీలో సూర్యారావు గారున్నారు. విన్నది బయటపెట్టినట్టు కాగితం మీద పడితే ఉద్యోగం ఉండదు. నా జీతం మీద మా ఇంట్లో నలుగురు తింటున్నారు. ఇవన్నీ నిజమే. అయినా ఆ క్షణంలో వాటి గురించి ఆలోచించానని చెబితే అబద్ధమవుతుంది. భయమేసింది, అంతే.

"నాకేం తెలుసమ్మా? మేం మాటలు వినం" అన్నాను.

ఆ పిల్ల ఇంకో నిమిషం అలాగే నిలబడింది. "ఆయ్ అండి" అని వెళ్లిపోయింది. సూర్యారావు గారు ఏమీ అడగలేదు. మర్నాడు పొద్దున్న టీ దగ్గర ఊరెలా ఉందని కూడా అడగలేదు.

ఆ రోజు నుంచి కీ మూయడంలో నాకు పేరొచ్చింది. తర్వాత వచ్చిన ఆపరేటర్లకి నన్ను చూపించి, "ఈవిడ దగ్గర నేర్చుకోండి" అనేవారు. పుణ్యానికి పోతే పాపం ఎదురైందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మంచి అనుకుని చెప్పాను, తండ్రి మూర్ఖుడైతే నేనేం చేస్తాను అనుకునేదాన్ని. రెండేళ్లకి లలితకి పి.గన్నవరం సంబంధం చేశారని విన్నాను. బోర్డులు పోయాయి, ఆటోమేటిక్ ఎక్స్ఛేంజీలొచ్చాయి, నేను ఫిర్యాదుల విభాగంలోకి వెళ్లాను. అన్నీ అయిపోయి ఇంట్లో కూర్చున్నాను.

మళ్ళీ చదివితే

కీర్తన భోజనాల దగ్గర నవ్వించిన మర్నాడు బీరువా అంతా తీసి ఆ నవల వెతికాను. అట్ట ఊడిపోయింది. నాలుగు మధ్యాహ్నాలు చదివాను.

నిజం చెప్పొద్దూ, నేను అనుకున్నంత గొప్పగా లేదు. చివరి భాగంలో చెప్పులతను ఉపన్యాసాలిస్తాడు, ఒకటి పన్నెండు పేజీలు. ఆడవాళ్లు ఏడవడానికీ వండిపెట్టడానికీ తప్ప ఎందుకూ రారు. తెలుగు చేసినాయన అక్కడక్కడ అలిసిపోయారు. "నేనైనా ఇంతే" అన్న నా పెన్సిలు రాత కనబడితే సిగ్గేసి పుస్తకం మూసేశాను. ఆ వయసులో ఎవరు చదివినా చెప్పులతను తామే అనుకుంటారు. కిటికీ దగ్గరికెళ్లి చెప్పొచ్చేవాళ్లు వేరే ఎవరో ఉంటారు.

అయితే నడిమధ్యలో ఒక పేజీ ఉంది. అసలెప్పుడూ చదివినట్టే గుర్తులేదు. ఒక పాలామె, పేరు కూడా పెట్టలేదు రచయిత. మేడ మీద గదిలో ఉండే కుర్రాడంటే ఆమెకి ఇష్టం, అడక్కుండానే కొసరు పోస్తుంది. ఒక వారం కిటికీ దగ్గర అతని గురించి చెబుతుంది. ఈ మధ్య ఎవరికో ఉత్తరాలు రాస్తున్నాడు, మొహం కళకళలాడుతోంది, చూస్తే ముచ్చటేస్తోంది అని. మర్నాడు పాలు తీసుకెళ్తే గది ఖాళీ. తలుపు దగ్గర గిన్నె లేదు. కాసేపు నిలబడి, పాలు వెనక్కి తెచ్చుకుని, సాయంత్రానికి తోడుపెట్టుకుంటుంది. అంతే ఆమె కథ. మూడుసార్లు చదివినా నాకు ఆ పేజీ కనబడలేదు. ఈసారి అక్కడే ఆగిపోయాను, మధ్యాహ్నమంతా ఇంకో పేజీ తిప్పలేదు.

మర్నాడు బస్సెక్కి పి.గన్నవరం వెళ్లాను.

లలిత

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. బీపీ చూసే లలిత గారిల్లంటే వీధి మొదట్లోనే చెప్పారు. వసారాలో బల్ల మీద బీపీ మిషను, పక్కన ఒక నోటుబుక్కు. నేను వెళ్లేసరికి ఒక ముసలాయన చెయ్యి చాచి కూర్చున్నాడు. "ఉప్పు మానేయమన్నానా లేదా మావయ్యగారూ? మళ్ళీ ఆవకాయ తిన్నారు, నాకు తెలుస్తాది" అని ఆయన్ని దులిపేస్తోంది. ఆ గొంతు నాకు వెంటనే తెలిసింది. ఆయన్ని పంపించి నా వైపు తిరిగి, "మీకు కూడా చూడాలాండి?" అంది.

"నేను కరుణనమ్మా. కొత్తపేట ఎక్స్ఛేంజి" అన్నాను.

కుర్చీ లాగి, "కూర్చోండి" అంది. మజ్జిగ తెచ్చింది. గ్లాసు చేతిలో పట్టుకునే చెప్పేశాను, ఆగితే మళ్ళీ చెప్పలేనని.

"ఆ రోజు మీ నాన్నగారికి చెప్పింది నేనేనమ్మా. మంచి వార్త అనుకుని చెప్పేను. నువ్వొచ్చి అడిగితే తెలీదని అబద్ధమాడేను. నన్ను క్షమించమ్మా."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఏడవలేదు.

"తెలుసండి" అంది. "ఆ రాత్రే మా నాన్నగారు అరిచేరు కదండీ, ఎక్స్ఛేంజిలో కరుణ శుభవార్త అని చెప్పిందే, సిగ్గులేదా అని. మీ పేరు అప్పుడే విన్నాను."

"మరి తెలిసి కూడా నన్నెందుకు అడిగేవమ్మా?"

లలిత బీపీ మిషను పట్టీ మెల్లగా చుడుతూ చెప్పింది.

"ఆ ఫోను మీరు సగమే విన్నారండి. గురువారం కుదరకపోతే శనివారం కూడా చూస్తారు, శుక్రవారం సాయంత్రం లోపు ఒక్క ఫోను చేసి చెప్పు చాలు, పేరు రాయిస్తాను అంది శాంత. నేను ఆ ఫోను చేద్దామనే వచ్చేనండి. గుడికని చెప్పి వచ్చేను, రావులపాలెం వెళ్లి చేద్దామంటే బస్సుకి ఇంకా చాలా టైముంది. కొత్తపేటలో ఎక్కణ్ణించి చేసినా మీ చేతుల మీదుగానే కదండీ వెళ్లాలి. అందుకని ముందు అడిగేను. నేనే చెప్పేనమ్మా, పొరపాటైపోయింది అని మీరు ఒక్క మాట అనుంటే, ఇంకెవరికీ చెప్పకండని బతిమాలి మీ చేతే కలిపించుకునేదాన్ని. మీరు తెలీదన్నారు. తెలీదన్నవాళ్ల చేతిలో ఇంకో మాట ఎలా పెడతానండి?"

ఆ శుక్రవారం మధ్యాహ్నం రాజమండ్రి లైను ఖాళీగానే ఉంది. అడిగితే ఐదు నిమిషాల్లో వైజాగ్ కలిపేదాన్ని.